ఫ్రాన్స్ పల్లె రోడ్లు అంత ఖాళీగా ఎందుకుంటాయి? సైకిల్ తొక్కేవాళ్ళకి ఒక లెక్క

జూలై వచ్చిందంటే టీవీలో టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు. పొద్దుతిరుగుడు చేలు, కొండ మీద ఓ పాత కోట, మధ్యలో నల్లగా నిగనిగలాడే తారు రోడ్డు, దాని మీద చీమల బారులా సైకిళ్ళు. అది చూసి ఫ్రాన్స్‌లో రోడ్లన్నీ ఇలాగే ఉంటాయి కాబోలు అనుకోవడం సహజమే. కానీ ఆ రోడ్డు ఆ కాసేపు అంత ఖాళీగా ఉన్నది పోలీసులు మూసేశారు కాబట్టి. రేసు నడవాలంటే ప్రచార బళ్ళు, టీమ్ కార్లు, అంతమంది రైడర్లు పట్టాలి, అందుకని చాలాసార్లు వెడల్పాటి రోడ్లే ఎంచుకుంటారు, మర్నాడు పొద్దున అదే రోడ్డు మీదకి లారీలు మామూలుగా వచ్చేస్తాయి. టీవీలో చూసిన రూట్‌ని ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళినవాళ్ళు మొదట తినే దెబ్బ ఇదే.

అసలు ఖాళీ రోడ్లు వేరే ఉన్నాయి, వాటిని టీవీలో పెద్దగా చూపించరు. దాదాపు 4 కోట్ల కార్లున్న దేశం అది, అయినా క్రూజ్, లొజేర్ లాంటి జనం పలచటి జిల్లాల్లో మూడు గంటలు తొక్కితే ఎదురొచ్చిన కార్లని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. దీనికి సైకిల్ మీద ప్రభుత్వానికి ఉన్న ప్రేమ కారణం కాదు. ఎవరో ఎప్పుడో ఎడ్లబళ్ళ కోసం, గుర్రబ్బళ్ళ కోసం వేసుకున్న దారులు, ఆ మనుషులు వెళ్ళిపోయాక మిగిలిపోయాయి. ఈ సంగతి పట్టుకుంటే రూట్ వెతుక్కునే పద్ధతే మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు సైకిల్ బొమ్మ ఉన్న బోర్డుల కోసం కాకుండా, జనం వదిలేసిన దారుల కోసం చూడటం మొదలవుతుంది.

ముందు అంకెలు. ఫ్రాన్స్‌లో రోడ్లన్నీ కలిపి సుమారు 11 లక్షల కిలోమీటర్లు. ఇందులో ఓటోరూట్లు, అంటే మన ఎక్స్‌ప్రెస్ వేల లాంటివి, 12 వేల కిలోమీటర్ల లోపే. జాతీయ రహదారులు ఇంకో 9 వేలు. ఈ రెండూ కలిపి మొత్తం పొడవులో 2 శాతం, కానీ ట్రాఫిక్‌లో దాదాపు మూడో వంతు వీటి మీదే నడుస్తుంది. ఆ తర్వాత డిపార్ట్‌మెంట్ రోడ్లు, డిపార్ట్‌మెంట్ అంటే మన జిల్లా లాంటిదనుకోండి, అవి సుమారు 3.8 లక్షల కిలోమీటర్లు. మిగిలిన 7 లక్షల కిలోమీటర్లు కమ్యూన్లవి, అంటే ఊళ్ళవి. మూడింట రెండు వంతుల రోడ్లు ఊరి రోడ్లే అన్నమాట, అందులో చాలా భాగానికి తారు ఉంది. మన దగ్గర ఊరి చివర డొంక దారి ఎలా ఉంటుందో తలుచుకుని, దానికి నున్నటి తారు, పక్కన ముళ్ళకంచె బదులు హేజెల్ చెట్ల వరస తగిలిస్తే సరిపోతుంది.

ఇన్ని చిన్న రోడ్లు ఎందుకొచ్చాయంటే 1836 నాటి ఒక చట్టం దగ్గరికి వెళ్ళాలి. ఊరి దారుల బాధ్యత ఆ ఊరిదే అని ఆ సంవత్సరం మే 21న చట్టం చేశారు. డబ్బులు చాలకపోతే ఊళ్ళో వాళ్ళు తలా మూడు రోజుల దాకా ఒళ్ళు వంచి పని చెయ్యాలి, బళ్ళు ఉన్నవాళ్ళు బళ్ళు తేవాలి, లేదా దానికి సరిపడా డబ్బు కట్టాలి. ఇప్పటికీ ఫ్రాన్స్‌లో 35 వేలకి కాస్త తక్కువగా కమ్యూన్లు ఉన్నాయి, యూరప్‌లో ఇంత చిన్న చిన్న ముక్కలుగా కోసిన దేశాలు తక్కువ. ప్రతి ఊరూ పక్క ఊరికి, మిల్లుకి, సంతకి, స్టేషన్‌కి దారి వేసుకుంటూ పోయింది. పందొమ్మిదో శతాబ్దం ముగిసే నాటికి పల్లెల మీద వల పరిచినట్టు దారులు పడ్డాయి.

ఆ తర్వాత జనం వెళ్ళిపోయారు. క్రూజ్ డిపార్ట్‌మెంట్‌లో 1851లో సుమారు 2.87 లక్షల మంది ఉండేవాళ్ళు. మగవాళ్ళు తాపీ పనికి పారిస్ వెళ్ళి రావడం అక్కడ ఆనవాయితీ, మెల్లగా వెళ్ళినవాళ్ళు రావడం మానేశారు. ఇప్పుడు అక్కడ ఉన్నది 1.15 లక్షల మంది. లొజేర్‌లో చదరపు కిలోమీటర్‌కి 15 మంది. ఈశాన్యంలో మ్యూజ్ నుంచి నైరుతిలో పిరెనీస్ దాకా ఇలాంటి పలచటి పట్టీ ఒకటి దేశానికి అడ్డంగా సాగుతుంది, ఫ్రెంచ్ వాళ్ళు దాన్ని శూన్యపు కర్ణరేఖ అంటారు. అక్కడ ఉండేవాళ్ళకి ఈ పేరంటే ఒళ్ళు మంట, బడి మూతపడి, డాక్టర్ దొరక్క వాళ్ళ తిప్పలు వాళ్ళవి. సైకిల్ వాడికి మాత్రం మూడు లక్షల మందికి సరిపోయే రోడ్లు లక్ష మందితో పంచుకునే వీలు దొరికింది. ఒకరి నష్టం మీద ఇంకొకరి విహారం నడుస్తోందన్న ఎరుక ఉంటే మంచిది, కనీసం ఆ ఊళ్ళో మిగిలిన ఒక్క కాఫీ కొట్టు దగ్గరైనా ఆగి నాలుగు డబ్బులు ఖర్చు పెడతారు.

మనుషులు తగ్గడం సగం కథే. మిగతా సగం, ఉన్న కార్లు వేరే చోటికి మళ్ళడం. దీనికి బాగా కనిపించే ఉదాహరణ ఏ 75. క్లెర్మాంట్ ఫెరాండ్ నుంచి దక్షిణంగా బెజియే దాకా వెళ్ళే ఈ ఓటోరూట్‌కి టోల్ లేదు, 2004 డిసెంబర్‌లో తెరిచిన మీయో వంతెన దగ్గర తప్ప. అంతకు ముందు ఆ భారమంతా మోసింది ఎన్ 9 అనే జాతీయ రహదారి. ఎండాకాలం సెలవుల్లో మీయో ఊళ్ళో కార్లు గంటల తరబడి ఇరుక్కుపోయేవి. ఇప్పుడు పాత ఎన్ 9 ముక్కలు డి 809 అయ్యాయి, డి అంటే డిపార్ట్‌మెంట్ రోడ్డు. వెడల్పు పాత వెడల్పే, ఎక్కుడు కూడా లారీలకి తగ్గట్టు మెత్తగానే ఉంటుంది, లారీలు మాత్రం లేవు. అంటే ఉచిత ఓటోరూట్ పక్కన ఉన్న పాత మెయిన్ రోడ్డు సైకిల్‌కి పెళ్ళి భోజనం. అదే పక్కన ఉన్న ఓటోరూట్‌కి టోల్ ఉంటే కథ తిరగబడుతుంది. టోల్ ఎగ్గొట్టాలనుకునే లారీలు పాత రోడ్డు వదలవు. ఏ 20 ఓటోరూట్ బ్రీవ్ దాకా ఉచితం, అక్కడి నుంచి మొంతోబాన్ దాకా టోల్, కాబట్టి ఆ రెండో ముక్కకి పక్కన నడిచే డి 820 మీదకి వెళ్ళే ముందు కాస్త ఆలోచించుకోవాలి.

ఇక్కడ నంబర్ల గురించి ఒక మాట. డి అని ఉంది కదా చిన్న రోడ్డే అనుకోవడం కొత్తవాళ్ళు చేసే పొరపాటు. 2004 నాటి వికేంద్రీకరణ చట్టం ప్రకారం 2006లో వేల కిలోమీటర్ల జాతీయ రహదారుల్ని డిపార్ట్‌మెంట్లకి అప్పగించేశారు. రోడ్డు మారలేదు, ట్రాఫిక్ మారలేదు, బోర్డు మీద అక్షరం మారింది. పాత నంబర్ గుర్తుండాలని చాలా డిపార్ట్‌మెంట్లు దాని ముందు ఒక అంకె తగిలించాయి. దిజాన్ నుంచి బోన్ మీదుగా వెళ్ళే ఎన్ 74 అలాగే డి 974 అయింది. మధ్యధరా తీరంలో ఎన్ 7 వచ్చి డి 6007 అయింది, ఇందాకటి డి 820 కూడా ఒకప్పటి ఎన్ 20యే. అందుకని డి 8 వందలు, డి 9 వందలు, నాలుగంకెల డి నంబర్లు కనిపిస్తే ఇది ఎవరి వారసురాలో ముందు కనుక్కోవాలి. అలాగని ప్రతి డి 9 వందల రోడ్డూ చెడ్డది కాదు, దాని సంగతి కిందకి వస్తుంది.

ఖాళీ అంటే ఎంత ఖాళీ అన్నదానికి కూడా ఒక కొలత పెట్టుకోవచ్చు. డిపార్ట్‌మెంట్లు తమ ముఖ్యమైన రోడ్ల మీద రోజుకి సగటున ఎన్ని బళ్ళు వెళ్తున్నాయో లెక్క కట్టి, చాలాచోట్ల ఆ మ్యాపులు అందరికీ అందుబాటులో పెడతాయి. రోజుకి వెయ్యి బళ్ళంటే చిన్న సంఖ్యలా అనిపిస్తుంది. రాత్రిని తీసేసి పగటి 14 గంటల మీద పరిస్తే గంటకి 70 దాకా వస్తాయి, రెండు వైపులా కలిపి నిమిషానికి ఒకటి. పర్లేదు, కానీ ప్రశాంతం అనలేం, వెనక నుంచి చప్పుడు ఎప్పుడూ చెవిలో ఉంటుంది. అదే రోజుకి 200 అయితే నాలుగైదు నిమిషాలకి ఒక బండి. పిట్టల అరుపులు వినపడేది అక్కడి నుంచి. రోజుకి 3 వేలు దాటిన రోడ్డుకి భుజం, అంటే అంచున మిగులు జాగా, లేకపోతే ఎంత అందమైన లోయ అయినా సరే, చూపు అద్దం మీదే ఉంటుంది తప్ప లోయ మీద ఉండదు.

ఇన్ని అంకెలు వెతుక్కునే ఓపిక లేనివాళ్ళకి కాగితం మ్యాపు ఉంది. మిచెలిన్ మ్యాపుల్లో రోడ్డు రంగు దాని ప్రాముఖ్యాన్ని చెప్తుంది: ఎరుపు పెద్దది, పసుపు మధ్యరకం, తెలుపు చిన్నది. అక్కడి పాత సైకిల్ వాళ్ళని ఎవరిని అడిగినా తెల్ల రోడ్లు పట్టుకోమంటారు. అందమైన దారి పక్కన ఆకుపచ్చ గీత ఉంటుంది, అది మాత్రం కార్లలో తిరిగే వాళ్ళ కోసం కూడా గీసిందే, కాబట్టి ఆగస్టులో ఆకుపచ్చ గీత ఉన్న పసుపు రోడ్డు అంటే కారవాన్ల వరస అని చదువుకోవాలి. ఆకుపచ్చ గీత ఉన్న తెల్ల రోడ్డు దొరికితే వదలకూడదు. ఎక్కుడు చెప్పే బాణం గుర్తులు కూడా చూసుకోవాలి: ఒక బాణం 5 నుంచి 9 శాతం, రెండు బాణాలు 9 నుంచి 13, మూడు ఉంటే 13 పైన. సామాను కట్టుకుని వెళ్ళేవాడు మూడు బాణాలు చూసి కూడా వెళ్ళాడంటే అది వాడి కర్మ. బాణాలు ఎక్కే దిక్కునే చూపిస్తాయి, కాబట్టి అదే రూట్‌ని తిరగేసి తొక్కితే సగం బాధ తగ్గే సందర్భాలూ ఉంటాయి.

ఇంకా వివరం కావాలంటే ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఐజీఎన్ వాళ్ళ షీట్లున్నాయి, 25 వేలకి ఒకటి స్కేల్‌లో పొలం గట్టు దాకా కనిపిస్తుంది, అదంతా ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. ఫోన్ యాప్‌లు రూట్ బాగానే గీస్తాయి గానీ వాటితో ఒక చిక్కుంది. కార్లు లేని దారి కావాలని గట్టిగా అడిగితే ట్రాక్టర్ దారుల్లోకి, అడవి బాటల్లోకి తోసేస్తాయి, 28 మిల్లీమీటర్ల టైర్లతో అక్కడికి వెళ్ళి గులకరాళ్ళలో నడిపించుకుంటూ రావాలి. వేరేవాళ్ళు ఎక్కువగా తొక్కిన దారుల్ని ఎర్రగా చూపించే హీట్ మ్యాపులు కూడా పూర్తిగా నమ్మకూడదు, ఎందుకంటే క్లబ్బుల వాళ్ళు ఆదివారం పొద్దున ఎనిమిదింటికి తొక్కిన రోడ్డు బుధవారం సాయంత్రం ఐదింటికి అలా ఉండదు. ముఖ్యంగా లియాన్, తులూజ్, నాంత్ లాంటి నగరాల చుట్టూ పాతిక ముప్ఫై కిలోమీటర్ల దాకా తెల్ల రోడ్లు కూడా ఆఫీసులకి వెళ్ళేవాళ్ళ అడ్డదారులే. మెయిన్ రోడ్డు జామ్ అని ఆ సందుల్లోంచి 80లో దూసుకొస్తారు. ఊరు దాటించడానికి రైలు వాడుకుని, అసలు తొక్కడం నగరం దాటాక వచ్చే స్టేషన్ నుంచి మొదలుపెట్టడం తెలివైన పని.

ఒకే చోట ఈ సూత్రాలన్నీ కనిపించాలంటే ప్రోవాన్స్‌లో నెస్క్ లోయకి వెళ్ళాలి. వాంతూ కొండ గురించి సైకిల్ వాళ్ళందరికీ తెలుసు, కింద బెద్వాన్ ఊరి నుంచి 21 కిలోమీటర్లు ఎక్కితే 1,900 మీటర్ల పైచిలుకు ఎత్తున్న శిఖరం, వేసవిలో అక్కడ సైకిళ్ళ జాతరే. దానికి దక్షిణంగా విల్ సుర్ ఓజాన్ నుంచి సో అనే ఊరికి రెండు దారులున్నాయి. ఒకటి డి 1, ఓ కనుమ మీదుగా నేరుగా వెళ్తుంది, సో వెళ్ళాల్సిన పని ఉన్నవాళ్ళంతా దాన్నే పట్టుకుంటారు. రెండోది డి 942, నంబర్ చూస్తే భయపెడుతుంది, కానీ అది సున్నపురాయి లోయ అంచున మలుపులు తిరుగుతూ, చిన్న చిన్న సొరంగాల్లోంచి వెళ్తుంది. పని మీద వెళ్ళేవాడెవడూ అటు వెళ్ళడు. ఎక్కుడు చాలా మెత్తగా ఉంటుంది, ఇరవై కిలోమీటర్ల పైన అలా తిప్పుకుంటూ తీసుకెళ్ళి, ఎదురుగా నిట్టనిలువు కొండగోడ కనిపించే చోట నిలబెడుతుంది. వేగంగా వెళ్ళే రోడ్డు ఒకటి పక్కనే ఉండబట్టి ఇది బతికిపోయింది. రూట్ వెతికేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రెండు ఊళ్ళ మధ్య హడావిడిగా వెళ్ళేవాడు ఏ రోడ్డు పడతాడు? అది వదిలేసి రెండోది తీసుకోవాలి.

బర్గండీలో కూడా అంతే. బోన్ నుంచి దక్షిణంగా డి 974 మీద వెళ్తే లారీల గాలి తప్ప ద్రాక్షతోటలు చూసిన గుర్తుండదు. దానికి పడమరగా, తోటల మధ్య నుంచే బోన్ నుంచి సాంతనే దాకా ఇరవై కిలోమీటర్ల చిన్న దారిని సైకిళ్ళకి గుర్తులు పెట్టి ఇచ్చారు. నిజానికి అది తోట పనివాళ్ళ దారే, సెప్టెంబర్‌లో ద్రాక్ష కోతలప్పుడు వాళ్ళ ట్రాక్టర్లకే అక్కడ పెద్దరికం.

సైకిళ్ళకి విడిగా వేసిన దారులు

వీటి గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. వీటిలో రెండు రకాలున్నాయి. ఒకటి వోయ్ వెర్త్, మోటారు బళ్ళు అసలు రాని దారి, చాలావరకు పాత రైలు పట్టాలు పీకేసిన చోటో, కాలువ గట్టు మీదో ఉంటుంది. రెండోది వేలోరూట్, అంటే బోర్డులు పెట్టిన సుదూర రూట్, అందులో కొంత వోయ్ వెర్త్, కొంత మామూలు చిన్న రోడ్డు. లువార్ నది వెంట సుమారు 900 కిలోమీటర్లు, జెనీవా సరస్సు నుంచి మధ్యధరా దాకా రోన్ నది వెంట 815 కిలోమీటర్లు, అట్లాంటిక్ తీరం వెంట రోస్కాఫ్ నుంచి ఆందాయ్ దాకా 1,200 పైన, ఇవి పేరున్నవి. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి, మొదటిసారి సామానుతో తొక్కేవాళ్ళకి వీటిని మించినవి లేవు. రోడ్ సైకిల్ అలవాటున్న వాళ్ళకి మాత్రం రెండో రోజుకే విసుగొస్తుంది. రైలు పట్టా అంటే తిన్నగా ఉంటుంది, కాలువ అంటే ఇంకా తిన్నగా ఉంటుంది, రెండు వైపులా చెట్లు, ఊరు ఎక్కడో అవతల. గోదావరి డెల్టాలో కాలువ గట్టు మీద ఇరవై కిలోమీటర్లు తొక్కినవాళ్ళకి ఈ సుఖమూ తెలుసు, ఈ విసుగూ తెలుసు.

పైగా అన్ని గట్లూ ఒకలా ఉండవు. దక్షిణాన కనాల్ దు మిదీ ఉంది, 1666 నుంచి 1681 మధ్య తవ్విన 240 కిలోమీటర్ల కాలువ, 1996 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. తులూజ్ నుంచి బయల్దేరినప్పుడు నున్నటి తారు, దాంతో ఆశ పుడుతుంది, తర్వాత ఓడ్ డిపార్ట్‌మెంట్‌లోకి వచ్చేసరికి చాలాచోట్ల ఆ గట్టు వేర్లు తేలిన మట్టి బాట. పైన ప్లేన్ చెట్ల నీడ అయినా ఉంటుందా అంటే, 2006లో కనిపెట్టిన ఒక బూజు తెగులు వల్ల వేల చెట్లు కొట్టేయాల్సి వచ్చింది. సన్న టైర్ల వాళ్ళు కాలువని కాస్త దూరం నుంచి పలకరిస్తూ పక్క తెల్ల రోడ్ల మీద వెళ్ళడం మేలు. బ్రిటనీలో నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా ఉన్న 360 కిలోమీటర్ల కాలువ గట్టు దీనికంటే నయం, ఇంగ్లీష్ నౌకల దిగ్బంధం తప్పించుకోవడానికి నెపోలియన్ కాలంలో మొదలుపెట్టి 1842కి పూర్తి చేశారు. గేర్లు మార్చే పని లేదు, బ్రిటనీలో అదే పెద్ద వరం, ఎందుకంటే అక్కడి పల్లె రోడ్లు రోజంతా ఎక్కించి దించుతూ కాళ్ళు పీకేస్తాయి.

వోయ్ వెర్త్‌లకి మొదటిది దక్షిణ బర్గండీలో ఉంది. జివ్రీ నుంచి క్లూనీ దాకా 44 కిలోమీటర్ల పాత రైలు మార్గం మీద 1997లో తెరిచారు. క్లూనీకి దక్షిణంగా పొడిగించిన ముక్కలో కిలోమీటరున్నర పైన పొడవున్న పాత రైలు సొరంగం ఒకటి వస్తుంది, చలికాలంలో దాన్ని మూసేస్తారు. లోపల గబ్బిలాలు నిద్రపోతాయి, వాటిని లేపకూడదు.

ఎప్పుడు వెళ్తే ఖాళీ

రోడ్డు ఎంత ముఖ్యమో గడియారం అంత ముఖ్యం. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఫ్రాన్స్ పల్లెలు భోజనం చేస్తాయి, ఆ రెండు గంటలూ పసుపు రోడ్డు కూడా తెల్ల రోడ్డయిపోతుంది. ఆదివారం పొద్దున లారీలు ఉండవు. జూలై ఆగస్టు శనివారాలు మాత్రం సెలవులకి వెళ్ళేవాళ్ళు, వచ్చేవాళ్ళు ఒకేసారి రోడ్డెక్కే రోజులు, తీరం వైపు, పేరున్న లోయల వైపు అస్సలు వెళ్ళకూడదు. మే చివర, జూన్, సెప్టెంబర్ మంచివి. సెప్టెంబర్ తర్వాత ఇంకో సంగతి ఉంది: వేట కాలం మొదలై చలికాలం చివరిదాకా నడుస్తుంది, అడవి అంచు రోడ్ల మీద నారింజ రంగు చొక్కాలు వేసుకుని తుపాకులతో నిలబడ్డ మనుషులు కనిపిస్తారు. మెరిసే రంగు జాకెట్ వేసుకోవడం ఫ్యాషన్ కోసం కాదక్కడ. ఉత్తరాన అదే సమయంలో బీట్ దుంపల కోతలు, ట్రాక్టర్ టైర్ల నుంచి రాలిన బంకమట్టి మీద వాన పడితే రోడ్డు సబ్బు. కొండల్లో పెద్ద కనుమలు మంచుకి నవంబర్ నుంచి మే దాకా మూసే ఉండొచ్చు, కింద ఊళ్ళోనే తెరిచి ఉందో లేదో బోర్డు పెడతారు, అది చూడకుండా 20 కిలోమీటర్లు ఎక్కి వెనక్కి రావడం కంటే నరకం లేదు.

వేసవిలో చిన్న రోడ్ల మీద ఇంకో శత్రువు గ్రావియోన్, అంటే రాతి చిప్స్. మొత్తం కొత్త తారు వెయ్యడానికి డబ్బు చాలక, జిగురు తారు పోసి పైన సన్న చిప్స్ చల్లేస్తారు, వచ్చే పోయే బళ్ళే వాటిని తొక్కి గట్టి పరచాలి. బళ్ళే రాని రోడ్డు కదా, వారాల తరబడి అవి అలాగే ఉంటాయి. ఖాళీ రోడ్డుకి కట్టే పన్ను అనుకోవాలి. దిగుడులో మలుపు దగ్గర ఆ బోర్డు కనిపిస్తే ముందే వేగం తగ్గించడం తప్ప వేరే కిటుకు లేదు.

గాలి కూడా చూసుకోవాలి. రోన్ లోయలో మిస్ట్రాల్ ఉత్తరం నుంచి వీస్తుంది, దానికి ఎదురెళ్ళి గెలిచినవాళ్ళు లేరు, కాబట్టి ఆ రూట్ ఉత్తరం నుంచి దక్షిణానికే. బోస్, షాంపేన్ లాంటి మైదానాల్లో రోడ్లు నిజంగానే ఖాళీ, కానీ చెట్టు లేదు, మలుపు లేదు, కనుచూపు మేర గోధుమ. ఖాళీ ఒక్కటే చాలు అనుకునేవాళ్ళకి అవి సరిపోతాయేమో.

చట్టం మాటకొస్తే సైకిల్‌కి కాస్త అనుకూలమే. ఊరి బయట సైకిల్‌ని దాటే బండి మీటరున్నర దూరం వదలాలి, ఊళ్ళో మీటరు. దానికోసం అవసరమైతే మధ్య గీత దాటొచ్చని 2015 నుంచి డ్రైవర్లకి వెసులుబాటు ఇచ్చారు. 2018 జూలైలో మధ్య డివైడర్ లేని రోడ్ల మీద వేగం 90 నుంచి 80కి తగ్గించారు, పల్లెల్లో పెద్ద గొడవే అయింది, తర్వాత చాలా డిపార్ట్‌మెంట్లు కొన్ని రోడ్ల మీద మళ్ళీ 90 చేసుకున్నాయి. సైకిల్ వాడు గుర్తుపెట్టుకోవాల్సినవి రెండు. గుండ్రటి నీలం బోర్డు మీద సైకిల్ బొమ్మ ఉంటే ఆ దారే వాడాలి, చదరపు నీలం బోర్డు అయితే మన ఇష్టం. రెండోది కుడి చేతి వైపు సందులోంచి వచ్చేవాడికి దారి ఇవ్వాలనే నియమం. నిద్రపోతున్నట్టు కనిపించే ఊళ్ళో, ఏ బోర్డూ లేని సందులోంచి పాత రెనో కారు ఒకటి బయటికొస్తుంది, తప్పు మనదే అవుతుంది. మనం ఎడమ వైపు బండి నడిపే దేశం నుంచి వెళ్తాం, కాబట్టి మొదటి రెండు రోజులు ఈ కుడి సంగతి మరీ కష్టం.

ఖాళీ రోడ్ల మీద అసలు టెన్షన్ కార్లతో కాదు, నీళ్ళతో, తిండితో. జనం లేని చోట కొట్టు కూడా ఉండదు. ఉన్న ఒక్క బేకరీ సోమవారం మూసి ఉంటుంది, కిరాణా కొట్టు పన్నెండున్నరకి మూసి సాయంత్రం తెరుస్తుంది. కొన్ని ఊళ్ళలో బేకరీ పోయి దాని చోట బ్రెడ్ ఇచ్చే మెషీన్ వచ్చింది. నీళ్ళకి మాత్రం అక్కడి సైకిల్ వాళ్ళందరికీ తెలిసిన ఒక ఉపాయం ఉంది: శ్మశానం. సమాధుల మీద పూలకి నీళ్ళు పొయ్యడానికి గేటు లోపల ఎక్కడో కుళాయి ఉంటుంది, ప్రతి ఊరికీ ఒకటి. తాగడానికి పనికిరావు అని రాసి లేకపోతే సీసాలు నింపుకుంటారు. మనవాళ్ళకి మొదటిసారి కాస్త ఎలాగో ఉంటుంది, 35 డిగ్రీల ఎండలో రెండోసారికి ఆ మొహమాటం ఉండదు.

ఈ ఉపాయాలన్నీ ఒక పాత సంస్కృతి నుంచి వచ్చాయి. రేసు కోసం కాకుండా దూరాలు చూడటం కోసం తొక్కడాన్ని ఫ్రాన్స్‌లో సిక్లోతూరిజం అంటారు. దానికి పెద్దదిక్కు పోల్ ద వివీ, వేలోసియో అనే పేరుతో రాసేవాడు, సెంత్ ఎతియెన్‌లో ఉండేవాడు, గేర్లు మార్చుకునే సైకిల్ మంచిదని జీవితాంతం వాదించాడు, 1930లో పోయాడు. ఆయన ఎక్కుతుండే కనుమ మీద ఆయనకి స్మారకం ఉంది, కాకపోతే ఆ రోడ్డు ఇప్పుడు డి 1082, అంటే ఒకప్పటి ఎన్ 82, నంబర్ చూస్తేనే ఇక సంగతి అర్థమై ఉండాలి. పారిస్ నుంచి బ్రెస్ట్‌కి వెళ్ళి 90 గంటల్లో వెనక్కి రావాల్సిన 1,200 కిలోమీటర్ల పారిస్ బ్రెస్ట్ పారిస్ నాలుగేళ్ళకోసారి జరుగుతుంది, 1891లో రేసుగా మొదలై ఇప్పుడు పోటీ లేని రైడ్ అయింది. 2019లోనూ 2023లోనూ మన దేశం నుంచి వందల మంది వెళ్ళారు. హైదరాబాద్‌లో 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు రైడ్లు, తొక్కేవాళ్ళకి ఇది తెలిసిన సంగతే, ఆ బ్రెవేలు పూర్తి చేస్తేనే కదా అక్కడికి అర్హత. మన దగ్గర బ్రెవే అంటే ఎక్కువగా హైవే భుజం మీద అర్ధరాత్రి లారీల పక్కన తొక్కడం. అక్కడ పెద్ద భాగం చిన్న పల్లె రోడ్లు, ఇంటి ముందు బల్ల వేసి కాఫీ, కేకులు పెట్టుకుని రాత్రంతా కూర్చునే ఊరి జనం. అదే దూరం, కానీ అలసట వేరు.

మొదటిసారి వెళ్ళి నాలుగు రోజుల్లో ఇదంతా రుచి చూడాలంటే దక్షిణ బర్గండీ సరిపోతుంది. షాలోన్ సుర్ సోన్ దాకా ప్రాంతీయ రైల్లో వెళ్ళొచ్చు, సైకిల్ విప్పకుండా ఎక్కించనిస్తారు. అక్కడి నుంచి జివ్రీ, ఆ పాత రైలు మార్గం మీద క్లూనీ. మొదటి రోజు చదును, కాళ్ళు అలవాటు పడతాయి. క్లూనీ నుంచి వోయ్ వెర్త్ వదిలేసి పడమరకి షారోల్ వైపు తెల్ల రోడ్లు పట్టుకోవాలి. మాకోన్ నుంచి పరే ల మోనియాల్ వైపు వెళ్ళే లారీలన్నిటినీ ఎన్ 79 లాగేసుకుంటుంది, కాబట్టి దాన్ని అడ్డంగా దాటడమే గానీ దాని మీదకి వెళ్ళే పనిలేదు. ఇక చిన్న గుట్టలు, పచ్చిక బయళ్ళ చుట్టూ కంచె చెట్లు, తెల్లటి షారోలే ఆవులు, రాతి చర్చి ఉన్న ఊళ్ళు. పరే ల మోనియాల్ చేరాక మళ్ళీ చదును కావాలంటే కనాల్ దు సాంత్ర్ వెంట ఈశాన్యంగా తిరిగి షాలోన్‌కి వచ్చేయొచ్చు. వద్దు, ఇంకా గుట్టలే బాగున్నాయి అనిపిస్తే మ్యాపు మళ్ళీ తెరిచి, ఎరుపు పసుపు గీతలకి దూరంగా ఏదైనా ఒక తెల్ల గీత చూసుకోవడమే. సీసాలు నింపుకుని, మర్నాడు సోమవారమో కాదో ఒకసారి చూసుకుని.